పీసీకి వేరే సౌండ్ కార్డ్ కొనాలా? ఆప్టికల్, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ డాక్‌లలో ఏది ఎవరికి

పీసీ వెనక ఆప్టికల్ పోర్టు ఉంది, అంటే సౌండ్‌ని వెలుగు రూపంలో పంపే పోర్టు. హాల్లో ఏవీ రిసీవరో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) సౌండ్‌బారో ఉంది. కేబుల్ కొని రెండూ కలిపారు, పాట వస్తోంది. అంతా బాగానే ఉన్నా ఒక అనుమానం వదలదు: మదర్‌బోర్డు మీద ఉన్న ఈ చవక రియల్‌టెక్ చిప్ కాకుండా మంచి సౌండ్ కార్డ్ ఒకటి వేసి, దాని ఆప్టికల్ నుంచి ఇస్తే సౌండ్ ఇంకా బాగుంటుందేమో?

దాదాపు అందరికీ జవాబు ఒకటే: మారదు. ఒక్క సందర్భంలో మాత్రం సౌండ్ కార్డ్‌కి నిజంగా పని ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే ముందు ఈ 'మారదు' ఎందుకో తెలియకపోతే ఆ ఒక్క సందర్భం మీదో కాదో తేల్చుకోలేరు.

సౌండ్ తయారయ్యేది ఎక్కడ

సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (సౌండ్‌ని కొలిచిన అంకెలు), ఒక్కోటి 16 బిట్లు, ఎడమ, కుడి అని రెండు చానెళ్లు. లెక్క వేస్తే సెకనుకు 1411 కిలోబిట్లు. ఫైలు ఎంపీ3 అయినా ఫ్లాక్ అయినా దాన్ని విప్పి ఈ అంకెల వరసగా మార్చేది ప్లేయర్ సాఫ్ట్‌వేర్, అంటే మీ ప్రాసెసర్. సౌండ్ కార్డ్‌కి అందులో పాత్ర లేదు. ఆ అంకెలు స్పీకర్‌ని కదిలించాలంటే ఎక్కడో ఒకచోట వోల్టేజీగా మారాలి. ఆ పని చేసే చిప్‌నే డాక్ (DAC) అంటారు.

పచ్చరంగు జాక్‌లో స్పీకర్లు గుచ్చితే ఆ డాక్ మీ మదర్‌బోర్డు మీదే ఉంది. ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ వాడితే అది పీసీలో లేదు, రిసీవర్‌లో ఉంది. పీసీ నుంచి బయటికి వెళ్లేవి ఉత్త అంకెలే. ఓటీపీ ఖరీదైన ఫోన్‌కి వచ్చినా, పాత కీప్యాడ్ ఫోన్‌కి వచ్చినా అవే ఆరంకెలు. ఇదీ అంతే.

క్రియేటివ్ వాళ్ల సౌండ్ బ్లాస్టర్‌ఎక్స్ ఏఈ-5 ప్లస్ ఉదాహరణగా తీసుకోండి. అందులో ఈఎస్ఎస్ కంపెనీ డాక్ చిప్ ఉంటుంది. సిగ్నల్‌కి, నాయిస్‌కి మధ్య తేడా 122 డెసిబెల్స్ అని పెట్టె మీదే వేస్తారు. హెడ్‌ఫోన్‌ల కోసం విడిగా ఆంప్లిఫయర్ కూడా పెట్టారు. మంచి కార్డే. కానీ దాని ఆప్టికల్ పోర్టులో కేబుల్ పెట్టిన క్షణం నుంచి ఆ డాక్‌కీ, ఆ ఆంప్‌కీ పని లేదు. మీరు దేనికోసం డబ్బు పెట్టారో అది ఖాళీగా కూర్చుంటుంది.

'అయినా కేబినెట్ లోపల కరెంటు నాయిస్ ఉంటుంది కదా, వేరే కార్డ్ అయితే దూరంగా ఉంటుంది కదా' అంటారు కొందరు. అనలాగ్ సిగ్నల్‌కి అది నిజం. డిజిటల్‌లో అటు చేరేది ఒకటా సున్నానా అన్నదే ముఖ్యం, కాస్త నాయిస్ కలిసినా ఒకటి ఒకటిలాగే అర్థమవుతుంది. ఆప్టికల్ సిగ్నల్ చెడితే ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి. అందులో తప్పులు సరిదిద్దే ఏర్పాటు లేదు, తప్పు జరిగిందని కనిపెట్టే ఒక పారిటీ బిట్ మాత్రమే ఉంది. అందుకని కేబుల్ పాడైతే టిక్కుటిక్కుమనే చప్పుళ్లు వస్తాయి, లేదా సౌండ్ తెగితెగి వస్తుంది. 'ట్రెబుల్ కొంచెం మందంగా ఉంది', 'బేస్‌లో బిగువు తగ్గింది' లాంటి సున్నితమైన తేడాలు అలా పుట్టవు. మూడు వేల రూపాయల ఆప్టికల్ కేబుల్ అమ్మేవాళ్లకి ఇది నచ్చదు, నేనేం చేయను.

ఇక జిట్టర్. అంకెలు సరిగ్గానే చేరినా, అవి చేరే సమయంలో అతి చిన్న తేడాలు ఉంటాయి, వాటికి ఈ పేరు. ఖరీదైన కార్డ్‌లో అంకెల సమయాన్ని నడిపే క్లాక్ మంచిది ఉంటుంది కాబట్టి జిట్టర్ తక్కువనేది వాదన. కొలిస్తే తేడా కనబడొచ్చు. కానీ వినికిడి పరీక్షల్లో మనుషులు సంగీతంలో పట్టుకోగలిగిన జిట్టర్ పదుల, వందల నానోసెకన్లలో ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. పైగా ఈనాటి రిసీవర్లలో చాలావి వచ్చిన అంకెలను తమ క్లాక్‌తో మళ్లీ వరసలో పెట్టుకుంటాయి. దీని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు.

మరి ఆ నమ్మకం ఎక్కడిది

ఊరికే పుట్టలేదు. 2000 ప్రాంతంలో పీసీ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొటేషన్ రాయించుకుంటే సౌండ్ కార్డ్‌కి విడిగా ఒక లైను ఉండేది. ఇంటెల్ 1997లో తెచ్చిన ఏసీ'97 ప్రమాణంతో మదర్‌బోర్డు మీదే సౌండ్ రావడం మొదలైంది గానీ చాలా బోర్డుల్లో అది నాసిరకం. మౌస్ కదిపితే స్పీకర్లో కీచుమనేది, హార్డ్ డిస్క్ తిరిగితే గరగరమనేది. అప్పట్లో వేరే కార్డ్ వేస్తే తేడా చెవికి స్పష్టంగా తెలిసేది. ఆ అనుభవమే ఇప్పటికీ సలహాగా చేతులు మారుతోంది.

తమాషా ఏమిటంటే, డిజిటల్ అవుట్‌పుట్ విషయంలో ఆనాటి ఖరీదైన కార్డులే మెరుగు కాదు. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్, దాని తర్వాతి ఆడిజీ లోపల అంతా 48 కిలోహెర్ట్జ్‌లోనే నడిచేవి. 44.1లో ఉన్న సీడీ పాటను 48కి మార్చి గానీ బయటికి పంపేవి కావు. అంటే డబ్బు పెట్టి కొన్న కార్డ్, ఫైల్లో ఉన్న అంకెలను ఉన్నవి ఉన్నట్టు పంపకుండా మార్చేది.

2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో వచ్చాక మదర్‌బోర్డు చిప్‌లే 192 కిలోహెర్ట్జ్ వరకు, ఎనిమిది చానెళ్ల వరకు చేయగలిగాయి. తర్వాత విండోస్ విస్టాలో మైక్రోసాఫ్ట్ సౌండ్ విధానాన్నే మొత్తం తిరగరాసింది. ఆటల్లో ప్రతిధ్వనులూ దూరాలూ లెక్కగట్టే పనిని కార్డ్‌కి అప్పగించే పాత దారి మూసుకుపోయింది. ఆ లెక్కలన్నీ ఇప్పుడు ప్రాసెసర్ చేస్తుంది, దానికి అదో పనే కాదు. సౌండ్ కార్డ్ అనే వస్తువుకి ఉన్న రెండు పెద్ద కారణాలు అలా పోయాయి.

ఆప్టికల్‌లో ఇరుకు: సౌండ్ కార్డ్‌కి నిజంగా పని ఉన్నచోటు

ఆప్టికల్ అయినా, ఒక్క ఆర్‌సీఏ పిన్నుతో వచ్చే కోయాక్సియల్ అయినా లోపల నడిచేది ఎస్‌పీడీఐఎఫ్ అనే పద్ధతే. సోనీ, ఫిలిప్స్ కలిసి చేసింది. సీడీ ప్లేయర్ల కాలంలో, స్టీరియో కోసం పుట్టింది. కుదించని సౌండ్ అయితే అందులో రెండు చానెళ్లకే చోటు. 5.1 అంటే ఆరు చానెళ్లు. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఆరింటికి సెకనుకు 4608 కిలోబిట్లు కావాలి. ఆ దారిలో అది పట్టదు.

'మరి డీవీడీ సినిమా 5.1లో వస్తుంది కదా' అంటారు. వస్తుంది, ఎందుకంటే డీవీడీలో ఆరు చానెళ్లూ ముందే డాల్బీ డిజిటల్‌గా కుదించి ఉంటాయి. పీసీ దాన్ని విప్పకుండా అలాగే రిసీవర్‌కి దాటిస్తుంది, అక్కడ విప్పుకుంటుంది. దీన్ని పాస్‌త్రూ అంటారు. వీఎల్‌సీ, కోడి లాంటి ప్లేయర్లలో ఒక ఆప్షన్ ఆన్ చేస్తే మామూలు మదర్‌బోర్డు ఆప్టికల్ నుంచే ఇది జరుగుతుంది. సినిమా ఫైళ్లు చూడటమే మీ పని అయితే ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది, సౌండ్ కార్డ్ వద్దు.

చిక్కు ఆటలతో వస్తుంది. ఆటలో సౌండ్ ముందే కుదించి ఉండదు. మీరు ఎటు తిరిగితే అటు, ఆ క్షణంలో ఆరు చానెళ్లు తయారవుతాయి. అవి కుదించనివి కాబట్టి ఆప్టికల్‌లో పట్టవు. విండోస్ దాన్ని స్టీరియో పరికరంగానే చూస్తుంది, వెనక స్పీకర్లు మూగబోతాయి. దీనికి మందు ఆ ఆరు చానెళ్లను అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపడం. డాల్బీ డిజిటల్ లైవ్, డీటీఎస్ కనెక్ట్ అనే పేర్లు పెట్టెల మీద కనిపించేది ఇందుకే. 2001లో ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్‌లో, అదే ఏడాది వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో ఈ పని జరిగింది. తర్వాత క్రియేటివ్, ఏసస్ కార్డుల్లోకి వచ్చింది. సౌండ్ బ్లాస్టర్ జెడ్‌లో ఉంది, ఏఈ-5 ప్లస్‌లో ఉంది. అన్ని కార్డుల్లోనూ ఉండదు, కాబట్టి కొనేముందు ఈ పేర్లు స్పెసిఫికేషన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేని కార్డ్ కొంటే పదివేలు పెట్టి మళ్లీ స్టీరియో దగ్గరే ఆగుతారు.

కొనే ముందు ఇంకో పని. ఈ లైవ్ కుదింపుకి కావాల్సిన లైసెన్స్ మీ మదర్‌బోర్డులోనే ఉండొచ్చు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్‌లో రియల్‌టెక్ డిజిటల్ అవుట్‌పుట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరవండి. డిఫాల్ట్ ఫార్మాట్ జాబితాలో డాల్బీ డిజిటల్ లైవ్ అనో డీటీఎస్ ఇంటరాక్టివ్ అనో కనిపిస్తే మీకు అన్నీ ఉన్నట్టే, రూపాయి ఖర్చు లేదు. కనిపించకపోతే నెట్‌లో మార్చిన రియల్‌టెక్ డ్రైవర్లు దొరుకుతాయి. వాటికోసం విండోస్‌లో డ్రైవర్ సంతకాల తనిఖీని ఆపేయమంటారు. బ్యాంకు పనులు చేసుకునే పీసీలో నేనైతే ఆ జోలికి పోను. లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు. లినక్స్ సౌండ్ వ్యవస్థ ఆల్సాలో ఏ52 అనే ప్లగిన్ పెడితే ఏ ఆప్టికల్ పోర్టు నుంచైనా డాల్బీ డిజిటల్ పంపొచ్చు.

ఈ అప్పటికప్పుడు కుదింపుకి రెండు నష్టాలు ఉన్నాయి, కార్డుల ప్రకటనల్లో అవి కనబడవు. మొదటిది నాణ్యత: 4608 కిలోబిట్ల సరుకుని డాల్బీలో 640కి కుదిస్తారు. ఆటలో తేడా పట్టుకోవడం కష్టమే గానీ, అది ఆన్‌లో పెట్టి మర్చిపోయి స్టీరియో పాటలు వింటే, ఏ నష్టమూ లేకుండా వెళ్లాల్సిన పాట కూడా కుదింపు పాలై వెళుతుంది. డబ్బు పెట్టి కొన్న కార్డ్ పాటను చెడగొట్టే సందర్భం ఇదే. పాటలు వినేటప్పుడు మామూలు స్టీరియోకి మార్చుకోండి. రెండోది ఆలస్యం. డాల్బీ డిజిటల్‌లో ఒక ఫ్రేమ్ అంటే 1536 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్‌లో 32 మిల్లీసెకన్లు. కుదించడానికి, విప్పడానికి కలిపి ఇంకా ఎక్కువే పడుతుంది. నెమ్మది ఆటలో తెలియదు. తుపాకీ పేలితే వెంటనే స్పందించాల్సిన ఆన్‌లైన్ ఆటలో కొందరికి ఇబ్బంది. పీసీకి కీబోర్డ్ కలిపి వాయించేవాళ్లు దీన్ని అసలు భరించలేరు.

హెచ్‌డీఎంఐ ఉంటే ఈ గొడవే లేదు

రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే పైదంతా మర్చిపోవచ్చు. 2002లో వచ్చిన మొదటి హెచ్‌డీఎంఐ ప్రమాణంలోనే ఎనిమిది చానెళ్లు, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ వరకు కుదించకుండా పంపే వీలుంది. మీ గ్రాఫిక్స్ కార్డ్, లేదా ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ ఈ పని ఉచితంగా చేసిపెడతాయి. ఆట 5.1 అయినా 7.1 అయినా కుదింపు లేదు, దానివల్ల ఆలస్యమూ లేదు. బ్లూ-రేలలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఆప్టికల్‌లో వెళ్లవు, హెచ్‌డీఎంఐలో వెళతాయి. అంటే సౌండ్ కార్డ్ తన ఒక్క గట్టి కారణంతో బరిలోకి దిగినా హెచ్‌డీఎంఐ ముందు ఓడిపోతుంది.

2008 ప్రాంతంలో కొన్ని జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డులకి సొంత సౌండ్ ఉండేది కాదు. మదర్‌బోర్డు నుంచి సన్నటి రెండు పిన్నుల వైరు ఒకటి గ్రాఫిక్స్ కార్డ్‌కి గుచ్చితేనే హెచ్‌డీఎంఐలో సౌండ్ వచ్చేది. పాత పీసీలో హెచ్‌డీఎంఐ సౌండ్ రావట్లేదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఆ వైరు గురించే.

హెచ్‌డీఎంఐకీ చికాకులున్నాయి. రిసీవర్‌ని విండోస్ ఇంకో మానిటర్ అనుకుంటుంది. లేని స్క్రీన్ మీదికి మౌస్ వెళ్లిపోతుంది, విండోలు అక్కడ తెరుచుకుంటాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డూప్లికేట్ పెట్టుకోవచ్చు గానీ అప్పుడు మానిటర్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు రిసీవర్ స్థాయికి దిగొచ్చు. 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కున్నవాళ్లకి ఇది మంట. ఆ అదనపు తెరని ఓ మూలకి, మౌస్ సులువుగా వెళ్లని చోటికి జరిపి పెట్టడం ఒక ఉపాయం.

ఇంకో పొరపాటు దారి: పీసీ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి సౌండ్‌బార్‌కి ఆప్టికల్. ఇలా పెడితే పీసీకి కనబడేది టీవీ మాత్రమే. టీవీ 'నాకు స్టీరియో చాలు' అంటే విండోస్ స్టీరియోనే ఇస్తుంది, సౌండ్‌బార్‌కి ఎన్ని స్పీకర్లుంటే ఏం లాభం. వీలుంటే పీసీని నేరుగా రిసీవర్‌కి కలపండి. సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ లేకుండా ఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే సౌండ్‌బార్‌కి పంపే ఏర్పాటు) మాత్రమే ఉంటే గుర్తుంచుకోండి: మామూలు ఆర్క్ కూడా కుదించని సౌండ్‌లో స్టీరియో దగ్గరే ఆగుతుంది. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఆర్క్‌లోనే బహుళ చానెళ్లు పూర్తిగా వెళతాయి, అదీ టీవీ, సౌండ్‌బార్ రెంటికీ ఉంటేనే.

హెడ్‌ఫోన్లు, మామూలు స్పీకర్లు అయితే

ఇక్కడ కథ తిరగబడుతుంది. వోల్టేజీగా మారేది పీసీ పక్కనే కాబట్టి డాక్ నాణ్యత మీద, దాని వెనక ఆంప్ మీద మీ డబ్బుకి అర్థం ఉంటుంది. అయినా సరే, కేబినెట్‌లోకి దూర్చే కార్డ్ కంటే బయట ఉండే యూఎస్‌బీ డాక్ నాకు నచ్చుతుంది. నాయిస్ చేసే గ్రాఫిక్స్ కార్డ్‌కీ, పవర్ సప్లైకీ దూరంగా ఉంటుంది. లాప్‌టాప్‌కి మారినా పనికొస్తుంది. పీసీ మార్చినా పారేయక్కర్లేదు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 పరికరాలకి విండోస్ 10లో 2017 నుంచి డ్రైవర్ లోపలే ఉంది.

కొనేముందు మదర్‌బోర్డు ఎలా ఉందో విని చూడండి. రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్ ఉన్న బోర్డులకి కాగితం మీద 120 డెసిబెల్స్ అని ఉంటుంది. అసలు తేడా చిప్‌లో కంటే దాని చుట్టూ బోర్డు ఎలా గీశారన్న దాంట్లో ఉంటుంది. పాట ఆపి, వాల్యూమ్ పెంచి, పెద్ద ఫైల్ కాపీ చేస్తూ వినండి. బుస్సుమనో కీచుమనో వినబడితే డాక్ కొనడానికి కారణం దొరికినట్టే. నిశ్శబ్దంగా ఉంటే, హెడ్‌ఫోన్‌లకి సరిపడా వాల్యూమ్ వస్తుంటే, ఆ డబ్బు హెడ్‌ఫోన్‌ల మీద పెట్టండి. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే యాపిల్ యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ కూడా పీసీకి గుచ్చితే చిన్న డాక్‌లా పనిచేస్తుంది, కొలతల్లో దానికి మంచి పేరుంది. ఎక్కువ పవర్ తాగే స్టూడియో హెడ్‌ఫోన్‌లకి మాత్రం అది చాలదు.

ఎఫ్ అండ్ డీ, జెబ్రానిక్స్ లాంటి 5.1 సెట్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి డిజిటల్ ఇన్‌పుటే ఉండదు, ఆరు ఆర్‌సీఏ పిన్నులు ఉంటాయి. వాటికి మదర్‌బోర్డు మీది మూడు 3.5 ఎంఎం జాక్‌లు చాలు. రియల్‌టెక్ సాఫ్ట్‌వేర్‌లో 5.1 అని పెడితే నీలం, గులాబీ జాక్‌లు కూడా అవుట్‌పుట్‌లుగా మారతాయి. ఊళ్లో మెకానిక్ చేసిచ్చిన ఆంప్లిఫయర్ అయితే, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఆప్టికల్, కోయాక్సియల్ ఇన్‌పుట్‌లతో డాల్బీ, డీటీఎస్ డీకోడర్ బోర్డులు దొరుకుతాయి. సినిమాల పాస్‌త్రూకి అవి పనికొస్తాయి. ఆటలకి మళ్లీ పైన చెప్పిన లైవ్ కుదింపు కావాల్సిందే.

కార్డ్ మార్చకుండా మార్చాల్సినవి

ఆప్టికల్ నుంచి వచ్చే సౌండ్ బాగాలేదనిపిస్తే నేను కార్డ్‌ని అనుమానించను, విండోస్‌ని అనుమానిస్తాను. మామూలుగా విండోస్ అన్ని యాప్‌ల సౌండ్‌నీ కలిపి ఒకే ఫార్మాట్‌లోకి మార్చి పంపుతుంది. డిఫాల్ట్ ఫార్మాట్ 48 అని ఉంటే 44.1 పాట కూడా 48గా మారుతుంది. ఇప్పటి విండోస్‌లలో ఆ మార్పిడి బాగానే ఉంటుంది, చెవికి దొరకదు. అయినా ఉన్నది ఉన్నట్టు వెళ్లాలనుకుంటే ఫూబార్2000 లాంటి ప్లేయర్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టుకోండి, విండోస్ మిక్సర్ పక్కకి తప్పుకుంటుంది. ఉచితం.

నిజంగా ఉన్నది ఉన్నట్టే వెళుతోందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. డీటీఎస్‌గా ఎన్‌కోడ్ చేసిన వేవ్ ఫైల్‌ని వాల్యూమ్ నూటికి నూరు పెట్టి ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ప్లే చేయండి. రిసీవర్ డిస్‌ప్లే మీద డీటీఎస్ అని వెలిగితే ఒక్క బిట్టు కూడా మారలేదని అర్థం. దారిలో ఎవరైనా అంకెలను తాకితే రిసీవర్ గుర్తుపట్టలేదు, బుస్సుమని హోరు వినిపిస్తుంది. కాబట్టి మొదట రిసీవర్ వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి. మదర్‌బోర్డు ఆప్టికల్ ఈ పరీక్షలో పాస్ అయితే, దానికంటే మెరుగైన డిజిటల్ అవుట్‌పుట్ ఏ ధరలోనూ లేదు.

కార్డ్ మార్చాక 'అబ్బో, తేడా తెలుస్తోంది' అన్నవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చాలా కార్డుల సాఫ్ట్‌వేర్‌లో బేస్ బూస్ట్, సరౌండ్, లౌడ్‌నెస్ లాంటివి ఉంటాయి. అవి డిజిటల్ అవుట్‌పుట్ మీద కూడా పనిచేస్తాయి. కొంచెం గట్టిగా వినబడే సౌండ్ ఎవరికైనా బాగున్నట్టే ఉంటుంది. ఆ మార్పు మీకు ఇష్టమైతే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మదర్‌బోర్డు సౌండ్‌కే చేసుకోవచ్చు. ఇక ఎప్పుడో దించుకున్న 128 కేబీపీఎస్ ఎంపీ3 పాటల దగ్గర అయితే ఏ కార్డూ, ఏ డాకూ చేసేదేమీ లేదు. ఎన్‌కోడ్ చేసిన రోజే పోయింది తిరిగి రాదు.

పాట మొదలవగానే మొదటి అక్షరం మింగేయడం, నోటిఫికేషన్ శబ్దాలు వినబడకపోవడం ఇంకో ఫిర్యాదు. సౌండ్ లేనప్పుడు డ్రైవర్ ఆప్టికల్‌నో హెచ్‌డీఎంఐనో ఆపేస్తుంది, మళ్లీ మొదలైనప్పుడు రిసీవర్ సిగ్నల్‌ని పట్టుకోవడానికి అర సెకను తీసుకుంటుంది. కొత్త కార్డ్ కొన్నా ఇది పోతుందన్న నమ్మకం లేదు. నేపథ్యంలో వినబడని సౌండ్ నడుపుతూ ఉండే చిన్న సాఫ్ట్‌వేర్‌లు దీనికి దొరుకుతాయి.

స్పీకర్లలో గుయ్యిమనే హమ్ మాత్రం వేరే జాతి జబ్బు. పీసీ, రిసీవర్, సెట్‌టాప్ బాక్స్‌ల మధ్య ఎర్త్ తేడాల వల్ల వచ్చేది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అదే స్థాయిలోనో దాని రెట్టింపులోనో వినబడుతుంది. డిష్ కేబుల్ ఊడదీస్తే హమ్ ఆగిపోయిందంటే దొంగ దొరికినట్టే. ఆప్టికల్‌కి ఉన్న అసలైన గొప్ప ఇక్కడ ఉంది: అందులో వెళ్లేది వెలుగు, కాబట్టి పీసీకీ రిసీవర్‌కీ మధ్య కరెంటు సంబంధమే తెగిపోతుంది. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. హమ్ పోతుందని ప్లగ్‌లో మూడో పిన్ను తీసేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇంతకీ ఏది తీసుకోవాలి

రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే గ్రాఫిక్స్ కార్డ్ హెచ్‌డీఎంఐ వాడండి, ఇంకేమీ కొనొద్దు. ఆప్టికల్ మాత్రమే ఉండి పాటలు, సినిమాలే మీ పని అయితే మదర్‌బోర్డు ఆప్టికల్ చాలు. బోర్డు వెనక ఆప్టికల్ పోర్టు లేకపోతే మాన్యువల్ తీసి చూడండి. చాలా బోర్డుల మీద లోపల ఎస్‌పీడీఐఎఫ్ అవుట్ అని మూడు నాలుగు పిన్నుల హెడర్ ఉంటుంది, దానికి బ్రాకెట్ కొన్ని వందల్లో దొరుకుతుంది. పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది, చూసి గుచ్చాలి. లాప్‌టాప్ అయితే ఆప్టికల్ అవుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ పెట్టె తీసుకోండి.

ఆప్టికల్ మాత్రమే ఉన్న పాత 5.1 రిసీవర్ మీద ప్రేమ ఉండి, ఆటలు సరౌండ్‌లో కావాలంటే, మదర్‌బోర్డులో లైసెన్స్ లేదని చూసుకున్నాక, డాల్బీ డిజిటల్ లైవ్ ఉన్న సౌండ్ కార్డ్ కొనండి. దానికి ముందు రిసీవర్‌లో డాల్బీ ప్రోలాజిక్ 2 ఆన్ చేసి స్టీరియోనే వెనక స్పీకర్లకి పంచి చూడండి. కొందరికి అది చాలు. ఇంకో లెక్క కూడా వేయండి: అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌డీఎంఐ ఉన్న రిసీవర్ దొరుకుతుందేమో. నేనైతే అటే మొగ్గుతాను. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన రిసీవర్ అయితే వెనక 120 వోల్ట్స్ అని రాసి ఉందేమో చూసుకోండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెడితే కాలిపోతుంది. యూఎస్‌బీ కరెంటుతో నడిచే డాక్‌లకి ఆ భయం లేదు.

కార్డే కొనాలని తేలితే సెకండ్ హ్యాండ్‌లో చౌకగా కనిపించే పాత ఆడిజీల్లో చాలావరకు పీసీఐ స్లాట్‌వి, ఇప్పటి బోర్డుల్లో ఆ స్లాట్ దాదాపు కనుమరుగైంది. మీకు కావాల్సింది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1. ఆ స్లాట్ ఉన్నా గ్రాఫిక్స్ కార్డ్ లావుపాటి కూలర్ దాన్ని కప్పేసి ఉండొచ్చు. ఆర్డర్ పెట్టేముందు కేబినెట్ పక్క తలుపు తీసి చూడండి.